ఖాళీ గదిలో ఆరిన సిరా

సిరాలోంచి మొట్టమొదట బయటికి వచ్చింది ఒక కుక్కర్ కూత.

తూర్పుతీర దస్త్రనిలయం మేడమీది ప్రయోగశాలలో డాక్టర్ రహమతుల్లా ఆ కూత విని, చేతిలోని టీ గ్లాసు బల్లమీద పెట్టి, యంత్రం వైపు కాక తలుపు వైపు చూశాడు. కింద క్యాంటీన్‌లో ఎవరో పప్పు ఉడికిస్తున్నారనుకున్నాడు. రెండో కూత వచ్చాక గాని అది తన ఎదుట గాజుపలకల మధ్య ఉన్న కాగితంలోంచి వస్తున్నదని అతనికి తోచలేదు. ముందురోజు ఉదయం అతని భార్య వంటింటి గట్టు మీద పెట్టుకుని, అతను ఇచ్చిన సిరా కలంతో, ఆ కాగితం మీద పచారీ సామాన్ల పేర్లు రాసింది. కందిపప్పు అన్న మాట దగ్గర మొదటి కూత. చింతపండు దగ్గర రెండోది. జీలకర్ర దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతే వినిపించింది: "ఏవండీ, ఆ పంపు కట్టండి! ట్యాంకంతా ఖాళీ అయిపోద్ది!"

పాళీ వదిలిన సిరా ఆరడానికి కొంత సమయం పడుతుంది. ఆ కాస్త వ్యవధిలో గదిలోని గాలి ఎలా కదిలితే తడి సిరా పైపొర అలా వణుకుతుంది. వణుకుతూనే గట్టిపడుతుంది. కంటికి ఆనని ఆ ముడతల మీదుగా సన్నని కాంతిరేఖను నడిపించి, వాటిని తిరిగి శబ్దంగా మార్చడానికి రహమతుల్లా తొమ్మిదేళ్ళు శ్రమించాడు. తన యంత్రానికి అతను పెట్టిన సంస్కృత నామం ఎవరి నోటా పలకలేదు. దస్త్రనిలయంలో అందరూ దాన్ని 'చెవి' అనేవారు.

నిలయాధికారిణి ఇందుమతి పరుగున మేడెక్కి వచ్చింది. రికార్డు చేసిన కూతలను రెండుసార్లు శ్రద్ధగా విన్నది. తరువాత గాజుపలకల మీదికి వంగి చూసింది.

"విన్నది చాలా బాగుందండీ," అన్నది. "రాసింది ఏదీ?"

కాగితం మీద లేత గోధుమరంగు చారలు తప్ప అక్షరాలు లేవు. కాంతి సోకిన మేరకు సిరా వేడెక్కి, ముడతలు సాపై, రంగు విరిగిపోయింది. చెవి ఏ కాగితాన్నయినా ఒక్కసారే వినగలదు. విన్న తరువాత ఆ కాగితంలో శబ్దమూ ఉండదు, రాతా ఉండదు.

"పచారీ కొట్టువాడికి వినిపించి సామాన్లు తెచ్చుకుంటాలెండి," అన్నాడు రహమతుల్లా.

ఇందుమతి నవ్వలేదు. కాగితానికి చెద పట్టకుండా, తేమ తగలకుండా, చివరికి చేతి చెమట కూడా అంటకుండా కాపాడటమే ఆమె ఇరవై ఆరేళ్ళ ఉద్యోగం. కాగితాన్ని తిని మాట్లాడే యంత్రం ఆమె దృష్టిలో శాస్త్రాద్భుతమే కావచ్చుగాని, అది తన కప్పు కింద ఉండదగినది మాత్రం కాదు.

ఆ వేసవిలో నిలయానికి ఒక పెద్ద సేకరణ వచ్చి ఉంది. రెండు పర్యాయాలు నీటిపారుదల మంత్రిగా పనిచేసి, మూడేళ్ళ క్రితం మరణించిన భుజంగరావు సొంత కాగితాలవి. ఆయన కూతురు వసుంధర వాటిని పన్నెండు ట్రంకుపెట్టెల్లో పంపింది. దానపత్రంలో ఆమె పెట్టిన షరతు ఒక్కటే: ఏ కాగితానికీ ఏ విధమైన నష్టమూ కలగరాదు. భుజంగరావు రాజకీయాల్లోకి రాకముందు ఉపాధ్యాయుడు. మంత్రి అయ్యాక కూడా ఉపన్యాసాలు ఎవరిచేతా రాయించుకోక, ప్రతి ఉదయం స్వదస్తూరీతో, పైన తేదీ వేసి, చిత్తుప్రతి రాసుకునేవాడు. అద్దుడు కాగితం వాడేవాడు కాదు. సిరా దానంతటది ఆరవలసిందే.

ఇందుమతి ఆ చిత్తుప్రతులకు వృత్తిధర్మం ప్రకారం చేయవలసినవన్నీ చేసింది. పొగగదిలో పెట్టి పురుగులు చంపించింది. తుప్పు పట్టిన గుండుసూదులు తీయించింది. పాత సిరాలోని ఆమ్లం కాగితాన్ని తినేయకుండా, ఒక్కొక్క పుటను పల్చని సున్నపునీటిలో ముంచి, బయటికి తీసి, వలల మీద ఆరబెట్టించింది. పన్నెండు పెట్టెల్లో పదకొండు అలా పూర్తయ్యాయి.

అంతకుముందు అలాగే స్నానం చేయించిన మరో సేకరణ పుటల్లో పనికిరానిదొకటి, చెద తినగా అంచు మాత్రమే మిగిలినది, ప్రయోగానికి ఇమ్మని రహమతుల్లా బతిమాలి తీసుకున్నాడు. చెవి దాని మీదుగా చివరిదాకా నడిచింది. ఏమీ వినబడలేదు. సున్నపునీరు ఆమ్లంతోపాటు ముడతలను కూడా కడిగేసింది.

"ఇకనైనా కాగితాలకి స్నానాలు ఆపండి మేడమ్," అన్నాడు రహమతుల్లా. "మురికితోనే మాట్లాడతాయవి."

ఇందుమతి వరుసగా పేర్చిన పెట్టెల వైపు చూసింది. పదకొండు పెట్టెల నోళ్ళు తన చేతులతోనే, అత్యంత శ్రద్ధగా, మూయించింది తను.

చెవి గురించి ఒక దినపత్రికలో చిన్న వార్త వచ్చింది. వారం తిరగకముందే ఒక వృద్ధుడు చేతికర్రతో ఆమె గదిలోకి వచ్చాడు. తెల్లచొక్కా, జేబులో కళ్ళజోడు పెట్టె, ముఖం మీద దూరం నడిచి వచ్చిన అలసట.

"నమస్కారమండి. నా పేరు సత్యానందం. ఇరిగేషన్లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యానండి. రిటైరయ్యానంటే, చేసేశారనుకోండి." కుర్చీలో కూర్చుని ఊపిరి తీసుకున్నాడు. "గరువులంక గట్టు కొట్టించిన సత్యానందాన్ని."

ఆ పేరు తెలియనివారు ఆ జిల్లాలో లేరు. ముప్పై ఏళ్ళ క్రితం తుఫాను వచ్చి చింతలేరు పొంగినప్పుడు కొత్తరేవు పట్టణం మునగకుండా ఉండాలని, నదికి అవతల గరువులంక వైపు గట్టును తెగ్గొట్టి నీళ్ళను అటు మళ్ళించారు. లంకలో జనాన్ని ఖాళీ చేయించే వ్యవధి లేకపోయింది. నలభై మందికి పైగా చనిపోయారు. ఇంజనీరు ఎవరి అనుమతీ లేకుండా ఆ పని చేశాడని విచారణ సంఘం తేల్చింది.

"అనుమతి అడిగానండి," అన్నాడు సత్యానందం. "నీళ్ళొదిలే లాకుల గదిలోంచి మంత్రిగారింటికి ఫోన్ చేశాను. ఎవరో అమ్మాయి ఎత్తింది. కనుక్కుని చెప్తానని వెళ్ళి, వచ్చి, సరేనన్నారంది. కొట్టించాను. తర్వాత మంత్రిగారు కమిషన్ ముందు నిలబడి అసలు మా ఇంటికి ఫోనే రాలేదన్నారండి. లాకుల పక్క టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పుస్తకాలు చూద్దామంటే అదీ వరదలో మునిగిపోయింది. ఇంకెవరు నమ్ముతారు?"

"మీరు ఇప్పుడు కోర్టుకు వెళ్ళాలనుకుంటున్నారా?"

"కోర్టా? నాకా?" సత్యానందం నవ్వబోయి దగ్గాడు. "మా సుగుణక్క ఇల్లు గరువులంకలోనేనండి. గట్టు దిగంగానే మూడో ఇల్లు. మా అక్క, బావ, ఇద్దరాడపిల్లలూ పోయారు. అక్క కొడుకొక్కడు, దానియేలని, హాస్టల్లో ఉండబట్టి మిగిలాడు."

ఇందుమతి మంచినీళ్ళ గ్లాసు అతని ముందుకు జరిపింది.

"తెలిసే కొట్టించావా అని అడుగుతారండి అందరూ. తెలిసేనండి. కొడితే లంక పోద్ది, కొట్టకపోతే ఊరు పోద్ది. నా అంతట నేను తేల్చలేకే గదండీ ఫోన్ చేసింది! దానియేలు ఇప్పటికీ నేను రోడ్డు మీద కనబడితే సైకిలు తిప్పేసుకుంటాడు. పై మంగళవారం నాకు గుండె ఆపరేషను. డాక్టర్లు నవ్వుతానే చెప్తన్నారు గాని, ఆ నవ్వు నాకు నచ్చలేదండి. పోయేలోపు వాడికొక్కటి తెలియాలి. అడిగే చేశానని. అంతే."

అతను వెళ్ళాక ఇందుమతి పన్నెండో పెట్టె తెరిచింది. అందులో స్నానం చేయించకుండా తను పక్కన పెట్టినవి కొద్ది పుటలు ఉన్నాయి. సిరా మరీ దట్టంగా ఉన్న చోట నీటిలో ముంచితే మరకై పక్క అక్షరాలను మింగుతుందని వాటిని మినహాయించింది. తుఫాను నాటి తేదీ ఉన్న పుట వాటిలో ఉంది. కొత్తరేవు గ్రంథాలయ వార్షికోత్సవానికి రాసుకున్న ఉపన్యాసమది. ఆ సభ జరగనే లేదు. 'పుస్తకం చదివేవానికి ఎదుటివాని మాట' అన్నంతవరకు రాసి, అక్కడ పాళీని కాగితం మీదే ఆనించి ఉంచినట్టున్నాడు. చిక్కుడుగింజంత మచ్చ పడింది. తరువాత వాక్యం లేదు.

రహమతుల్లా భూతద్దంలోంచి ఆ మచ్చను చాలాసేపు చూశాడు.

"తుఫాను గాలిలో తేమ ఎక్కువ. దీనికి తోడు ఇంత సిరా. ఇది మామూలు అక్షరంలా వెంటనే ఆరి ఉండదు మేడమ్. ఆ గదిలో చాలాసేపు మేలుకుని ఉంటుంది."

"వింటే ఈ పుట పోతుంది."

"పోతుంది."

"రేపు ఎవరైనా ఆ రికార్డింగు మీరే పుట్టించారంటే, మళ్ళీ వినిపించడానికి ఏమీ మిగలదు."

"మిగలదు. అందుకే వినేటప్పుడే సాక్షులుండాలి. ముఖ్యంగా దాత."

మరునాడు ఇందుమతి వసుంధర ఇంటికి వెళ్ళింది. సత్యానందాన్ని రావద్దన్నది. వచ్చాడు. మెట్లు ఎక్కవద్దని అతన్ని కింద కూర్చోబెట్టి తను ఒక్కతే డాబా మీదికి వెళ్ళింది. ఊటలోంచి పిండి తీసిన మాగాయ ముక్కలను వసుంధర పాత చీర మీద ఎండబెడుతున్నది. యాభై దాటిన మనిషి, నిటారుగా, పొదుపుగా కదులుతుంది.

విషయమంతా విన్నాక ఆమె తలెత్తకుండానే అన్నది: "కాగితాలు దాచమని ఇచ్చానండీ మీకు. వాటికి చెవులొగ్గమని కాదు."

"మీ అనుమతి లేకుండా ముట్టుకోను. అందుకే వచ్చాను."

"ముట్టుకుంటే రాత పోతుందంటున్నారు. దస్త్రాలు కాపాడే మనిషి, మీరెలా ఒప్పుకున్నారు?"

"ఇంకా ఒప్పుకోలేదండి," అన్నది ఇందుమతి నిజాయితీగా. "నిన్నటినుంచి నిద్ర లేదు."

మెట్ల మీద చేతికర్ర చప్పుడైంది. సత్యానందం గోడ పట్టుకుని పైకి వచ్చాడు.

"ఎక్కొద్దన్నాను కదండీ!"

"కింద కుర్చీకి మూడు కాళ్ళేనమ్మా. పడిపోయి చావడం కన్నా ఎక్కి చావడం మేలనిపించింది." అతను ఆగి, వసుంధర వైపు తల ఒంచి చూశాడు. "ఇందాక మెట్ల మీదికి మీ మాట వినిపించింది. వయసొచ్చింది గాని, గొంతు అదేనమ్మా. ఆ రోజు ఫోనెత్తింది మీరే."

వసుంధర చేతిలోని ముక్క చీర మీద పడకుండా నేలమీద పడింది. ఆమె దాన్ని ఏరలేదు. అతనెవరని అడగనూ లేదు.

"కూర్చోండి," అన్నది. "ఆ నీడలో పీట ఉంది."

సత్యానందం కూర్చున్నాడు. ఇందుమతి అడిగింది: "మీ నాన్నగారు ఫోన్ తీసేవారు కారా?"

"రాసుకునే వేళ తీసేవారు కారు. నోరు విప్పేవారూ కారు. మంత్రయ్యాక వచ్చిన దర్జా కాదండి అది, బడిపంతులుగా ఉన్ననాటిదే. ఏదన్నా అడగాలంటే గుమ్మంలో నిలబడి అడిగేవాళ్ళం. పలక్కపోతే సరేనన్నట్టు. నా పెళ్ళి సంబంధం కూడా అలాగే ఖాయమైంది." ఆమె పెదవి వంకర తిరిగింది. "అమ్మ గుమ్మంలోంచి అడిగింది, ఆయన పలకలేదు, ముహూర్తాలు పెట్టేశారు."

"ఆ రోజు కూడా పలకలేదామ్మా?" అన్నాడు సత్యానందం.

వసుంధర ఎండలోకి చూసింది.

"మీరు నిజం చెప్పారని నాకు ముప్పై ఏళ్ళుగా తెలుసండి. కానీ నాన్నగారి మీద నేను సాక్ష్యం చెప్పలేను. అప్పుడు నన్నెవరూ పిలవలేదు, నేనూ వెళ్ళలేదు. ఇప్పుడూ నా నోటితో చెప్పను." ఇందుమతి వైపు తిరిగింది. "ఆయన కాగితమే చెబితే చెప్పుకోనివ్వండి. సంతకం ఎక్కడ పెట్టాలి?"

శనివారం మధ్యాహ్నం నిలయానికి సెలవు. ప్రయోగశాలలో పంకాలు ఆపేశారు. కిటికీలు మూశారు. చొక్కాలు వీపులకు అతుక్కుపోతున్నాయి. ఇందుమతి ఆ పుటను నలువైపులనుంచి ఫొటోలు తీసింది. చేతి తొడుగులు వేసుకుని, దాన్ని గాజుపలకల మధ్య తనే అమర్చింది. మరొకరి చేత ఆ పని చేయించడానికి ఆమెకు మనసొప్పలేదు. నష్టం జరగరాదన్న షరతును దాత సడలించినట్టు రాసిన కాగితం మీద వసుంధర సంతకం చేసింది. సత్యానందం సాక్షి సంతకం చేశాడు.

"మధ్యలో ఆపడం కుదరదు," అన్నాడు రహమతుల్లా. "మొదలుపెడితే చివరిదాకా వెళ్ళాలి. దగ్గు వస్తే ఇప్పుడే దగ్గేయండి సార్."

"దగ్గు మన మాట వింటుందా డాక్టరుగారూ?" అన్నాడు సత్యానందం. కాని చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

కాంతిరేఖ మొదటి వరుస మీదికి వచ్చింది.

వాన. మొదట వినిపించింది అదే. పెంకుల మీద, రేకుల మీద, ఆకుల మీద వేర్వేరుగా పడుతున్న వాన. దాని కింద పాళీ కాగితాన్ని గీరుతున్న చప్పుడు. ఎవరో గొంతు సవరించుకున్నారు. వసుంధర కళ్ళు మూసుకుంది. కాంతి నడిచిన దారిలో ఉపన్యాసం అక్షరం వెంట అక్షరం పాలిపోతుంటే ఇందుమతి చూపు మరల్చుకోకుండా చూసింది.

మూడో వరుస దగ్గర దూరాన టెలిఫోను మోగింది. ఎవరివో చెప్పులు హడావిడిగా వెళ్ళాయి. 'ఎదుటివాని మాట' అన్న చోట చెప్పులు తిరిగి దగ్గరికి వచ్చాయి. పాళీ చప్పుడు ఆగిపోయింది. అక్కడినుంచి ఇక మచ్చే మిగిలింది.

"నాన్నగారూ," అన్నది ఒక యువతి గొంతు, రొప్పుతూ. "లాకుల దగ్గర్నించి ఇంజనీరుగారండి. నీళ్ళు గట్టు తలకి వచ్చేశాయంట. గరువులంక గట్టు కొట్టేయమంటారా అని అడుగుతున్నారు."

సత్యానందం కుర్చీ చేతులను గట్టిగా పట్టుకున్నాడు.

వాన. వాన మాత్రమే. చిక్కుడుగింజంత మచ్చ సగం పాలిపోయింది. సమాధానం రాకముందే సిరా ఆరిపోయి ఉంటే ఇక చెప్పగలిగిన వస్తువు లోకంలో మరొకటి లేదు. రహమతుల్లా చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఇప్పుడు అతను చేయగలిగినదేమీ లేదు. చెప్పులు దూరంగా పరుగెత్తిన చప్పుడు. టక్కుమని ఒక చిన్న శబ్దం. కుర్చీ వెనక్కి జరిగింది. బరువైన అడుగులు లేచి, చెప్పులు వెళ్ళిన వైపు కాక, రెండోవైపుకు వెళ్ళాయి. తలుపు కిర్రుమన్నది. ఆ గదిలో ఇప్పుడు ఆ కాగితం తప్ప ఎవరూ లేరు.

మచ్చ అంచు సన్నని ఉంగరంలా మిగిలింది. ఆ ఉంగరంలోంచి, వాన అవతలినుంచి, ఫోన్‌లో గట్టిగా అరిచి చెబుతున్న మాటలు చిన్నగా వినిపించాయి:

"ఆఁ... అడిగానండి! సరేనన్నారు! సరేనన్నారండీ, కానివ్వండి..."

అంతటితో సిరా ఆరిపోయింది.

సత్యానందం కళ్ళజోడు తీశాడు. "విన్నారా?" అన్నాడు ఇందుమతితో. రహమతుల్లా వైపు తిరిగి, "మీరూ విన్నారుగా?" అన్నాడు. సమాధానం కోసం ఆగలేదు. ముఖం చేతిరుమాలులో దాచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. రహమతుల్లా వెళ్ళి కిటికీలు తెరిచి, మంచినీళ్ళ సీసా తెచ్చి అతని పక్కన పెట్టాడు.

"రికార్డు చేసింది మళ్ళీ పెట్టగలరా?" అని అడిగింది వసుంధర. "చివర్ది కాదు. ఆ మధ్యలోది."

అతను పెట్టాడు. చెప్పుల పరుగు, టక్కుమన్న శబ్దం, కుర్చీ.

"ఇంకోసారి."

మళ్ళీ పెట్టాడు.

"ఇంకొక్కసారి."

"ఏదో బల్లకి తగిలినట్టుంది మేడమ్," అన్నాడు రహమతుల్లా. "లేస్తూ మోచెయ్యి తగిలించుకుని ఉంటారు."

వసుంధర అతని వంక చూడలేదు. ఆమె ముఖంలో రక్తం లేదు. ఇందుమతి ఆమె వడదెబ్బ తిన్నదేమోనని భయపడి పంకా వేసింది.

మిగిలింది రికార్డింగులో ఏమేమి వినిపించాయో నమోదు చేసే వివరణ పత్రం. ఇందుమతి కంప్యూటరు ముందు కూర్చుని, నిలయం నియమం ప్రకారం చెప్పవలసిన మాట పైకి చెప్పింది: వివరణ మీద దాత సంతకం పడేవరకు, ఏ వస్తువునైనా, దాని రికార్డింగుతో సహా, వెనక్కి తీసుకునే హక్కు దాతకు ఉంది. కారణం చెప్పనక్కరలేదు.

సత్యానందం తలెత్తి వసుంధర వంక చూశాడు. వేడుకోలేదు. చూశాడు, అంతే.

ఇందుమతి ఒక్కొక్కటే పైకి చదువుతూ నమోదు చేసింది. వాన. టెలిఫోను గంట. స్త్రీ గొంతు: వసుంధర, మంత్రి కుమార్తె, ఇంజనీరు ప్రశ్నను తెలిపింది. తరువాత: చిన్న శబ్దం, గుర్తించబడలేదు. తరువాత: అడుగులు. తరువాత: అదే స్త్రీ గొంతు, అనుమతి లభించినట్టు తెలిపింది.

"దీన్ని దానియేలుకి ఇవ్వచ్చాండీ?" అన్నాడు సత్యానందం. "వాడి ఫోన్లోకి పంపిస్తే వింటాడు. నేను పంపితే వినడు గాని, మీ ఆఫీసునుంచి వస్తే వింటాడు."

"సంతకం అయ్యాక పంపిస్తానండి."

వసుంధర వెనకనుంచి వచ్చి ఇందుమతి భుజం మీదుగా తెర వైపు చూసింది.

"అది కొట్టేయండి."

సత్యానందం ముఖం వాడిపోయింది. ఇందుమతి మెల్లగా కుర్చీ తిప్పింది. "పుటను వెనక్కి తీసుకుంటారా?"

"కాదు. ఆ 'గుర్తించబడలేదు' అన్నది. ఆ చప్పుడు నాకు తెలుసు." ఆమె కుర్చీ వెనక భాగాన్ని రెండు చేతులా పట్టుకుంది. "నాన్నగారి కలం మూత. నొక్కితే అలా టక్కుమనేది. రాసుకునేటప్పుడు పలక్కపోతే సరేనని మీకు చెప్పాను గాని, రెండోది చెప్పలేదు. చెప్పే అవసరం వస్తుందనుకోలేదు. వద్దనాలంటే ఆయన కలానికి మూత పెట్టేవారు. మూత పెట్టారంటే ఆ మాట ఇక అయిపోయినట్టే. ఇంట్లో ఎవరమూ రెండోసారి అడిగేవాళ్ళం కాదు."

గదిలో పంకా తిరుగుతున్నది.

"ఎప్పుడూ గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. మూత పెట్టారా, లేదా అని. ఆ రోజు గాలివాన, లైను తెగిపోతుందేమోనని, అవతల ఈయన అరుస్తున్నారు. పాళీ కాగితం మీదే ఉంది. పలకలేదు. సరేనన్నట్టే అనుకుని పరుగెత్తాను." ఆమె ఆగింది. "నేను చూశాననుకుని ఆయన వాకిట్లోకి వెళ్ళిపోయారు."

సత్యానందం పెదవులు కదిలాయి. "అంటే... సుగుణక్క..."

"నా వల్లేనండి," అన్నది వసుంధర. "మీరడిగింది నిజం. మీకు సరేనని వినిపించిందీ నిజం. కాని ఆయన అనలేదు."

"మరి ఫోనే రాలేదని ఎందుకన్నారు ఆయన?"

"నేనూ ముప్పై ఏళ్ళు అదే అనుకున్నాను. పదవి కోసం ఒక మనిషిని ముంచేశారని. నా తప్పు పైకి రాకుండా అలా అన్నారని ఇప్పుడు తెలుస్తున్నది. ఆయన పోయేదాకా వేళకి అన్నం పెట్టాను గాని, ఎదురుగా కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. ఒక్కసారి, జబ్బుపడ్డాక, అమ్మడూ అని పిలిచి ఏదో చెప్పబోయారు. పాలు పొంగుతున్నాయని లేచి వెళ్ళిపోయాను." ఆమె కుర్చీ మీదినుంచి చేతులు తీసేసింది. "పాలు పొయ్యి మీద లేవు."

సత్యానందం నేలవైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ ముసలి ముఖంలో కోపం వచ్చి నిలబడటం, ఎక్కడికి పోవాలో తెలియక అక్కడే ఉండిపోవడం ఇందుమతి చూసింది.

"ఇది చెప్పకపోయి ఉంటే ఎవరికి తెలిసేదమ్మా?" అన్నాడు చివరికి.

"ఎవరికీ తెలిసేది కాదండి."

"దానియేలుకి ఇది కూడా తెలుస్తుంది."

"తెలియాలి. నా పేరు, నా చిరునామా కూడా రాయండి. వచ్చి అడగాలనుకుంటే అడుగుతాడు."

సత్యానందం తల ఊపాడు. అది క్షమించడం కాదు. విన్నానన్న అంగీకారం మాత్రమే. ప్రస్తుతానికి అతని దగ్గర అంతకు మించి లేదు.

ఇందుమతి తెర వైపు తిరిగి, తను రాసిన మాటలను తుడిచేసింది. ఖాళీ అయిన చోట కర్సరు గీత మిణుకుమంటున్నది. నిలయం నియమావళిలో మనుషుల మాటలకు ఒక విధానం, వస్తువుల చప్పుళ్ళకు మరొక విధానం ఉన్నాయి. ఇది ఏ కోవలోకి వస్తుందో ఇరవై ఆరేళ్ళ అనుభవం ఆమెకు చెప్పలేదు.

"ఇక్కడ ఏమని రాయమంటారు?" అని అడిగింది. "కలం మూత చప్పుడు అనా?"

"కాదు," అన్నది వసుంధర. "ఆయన మాట్లాడారని రాయండి."

ఇందుమతి రాసింది. వక్త: భుజంగరావు. పలికినది: వద్దు.

వసుంధర సంతకం చేసింది.